వదులు చుట్టలు: దుగ్గిరాల దగ్గర ఒక బేలర్ కేసు

దుగ్గిరాల మండలంలో ఒక రైతు గడ్డిని చుట్టలుగా కట్టే చిన్న రౌండ్ బేలర్ కొని అద్దెకు తిప్పుతున్నాడు. రెండో సీజన్ సగంలో ఉండగా ఆయన దగ్గర గడ్డి కొన్నవాళ్లు తిరగబడ్డారు. ట్రక్కులోకి ఎక్కించేటప్పుడే చుట్టలు విడిపోతున్నాయి, బరువు తూగడం లేదు, కొన్నిటి లోపల బూజు. ఏటా పల్నాడు మెట్ట నుంచి వచ్చి లోడు తీసుకెళ్లే పాడి రైతు ఒకాయన సగం లోడు దింపేసి వెళ్లిపోయాడు. యజమానికి అనుమానమంతా మిషన్ మీదే. "డ్రమ్ములోనే ఏదో తేడా వచ్చిందండీ. నిరుడు ఇదే మిషన్ బ్రహ్మాండంగా కట్టింది" అన్నాడు ఫోన్లో.

గుంటూరు కేంద్రంగా పొలం మిషన్ల రిపేరు, ఆపరేటర్ల శిక్షణ నా వృత్తి. ఈ కేసును మొదటినుంచి చివరిదాకా రాయడానికి కారణం ఉంది. బేలర్ మీద నా దగ్గరికి వచ్చే ఫిర్యాదుల్లో ఎక్కువ వాటికి మూలం బేలర్ బయట ఉంటుంది. గడ్డి దాని నోటికి అందేలోపే చుట్ట ఎలా రాబోతుందో చాలావరకు తేలిపోతుంది. కోత మిషన్ మడిలో ఎలా తిరిగింది, నేల ఎంత ఆరింది, ఏ పూట చుట్టారు, డ్రైవరు కూలి ఏ లెక్కన ఉంది, ఇవన్నీ చుట్టలో కనిపిస్తాయి. ఇక్కడ అన్నీ ఒకే చేలో దొరికాయి. ఊరి పేరు, మనుషుల పేర్లు రాయడం లేదు.

గడ్డి ఎందుకింత ముఖ్యమైంది

ప్రకాశం బ్యారేజీ నుంచి నీళ్లందుకునే పశ్చిమ డెల్టా మాగాణి ఇది. సార్వా వరి నవంబరు చివర, డిసెంబరులో కోతకొస్తుంది. వెంటనే మినుము పడాలి, లేదా దున్నకుండా మొక్కజొన్న పెట్టాలి. ఆలస్యమయ్యేకొద్దీ రెండో పంట దిగుబడి తగ్గుతుంది కనుక మడి ఖాళీ అయ్యేదాకా ఎవరూ ఓపిక పట్టలేరు.

చేత్తో కోసిన రోజుల్లో పనలు ఆరాక కుప్ప వేసేవాళ్లు, నూర్చేవాళ్లు, గడ్డి నేరుగా వామికి చేరేది. చేలో మిగిలేది దుబ్బులే. కోత మిషన్లు వచ్చాక ధాన్యం గంటల్లో ఇంటికొస్తోంది కానీ గడ్డి చేలోనే వరసలుగా పడిపోతోంది. దాన్ని పోగేయడానికి కూలీలు దొరకరు, దొరికినా గిట్టదు. అందుకే అగ్గిపుల్ల గీస్తున్నారు. టన్ను వరిగడ్డిలో సుమారు 15 నుంచి 20 కిలోల పొటాష్, 5 నుంచి 8 కిలోల నత్రజని ఉంటాయి. తగలబెడితే నత్రజని దాదాపు అంతా గాలిలో కలుస్తుంది. పొటాష్ బూడిదగా కొంత మిగిలినా గాలికీ నీటికీ ఎంత పోతుందో చెప్పలేం. ఇదే సమయంలో ముప్పై నలభై కిలోమీటర్ల అవతల మిరప, పత్తి వేసే మెట్ట ఊళ్లలో గేదెలకు ఎండుగడ్డి లేక రైతులు వెతుక్కుంటూ తిరుగుతుంటారు. ఒక చోట కాలిపోతున్నది ఇంకో చోట కరువు. ఈ రెంటినీ కలిపే యంత్రం బేలర్. అందుకే అది సరిగ్గా పనిచేయడం నాకు చాలా ముఖ్యం.

2023 డిసెంబరు 5న మిచౌంగ్ తుపాను బాపట్ల దగ్గర తీరం దాటినప్పుడు ఈ ప్రాంతంలో కోతకొచ్చిన వరి పడిపోయి నీళ్లలో నానింది. ధాన్యం నష్టం గురించే అందరూ మాట్లాడారు కానీ, గడ్డి కుళ్లి పాడి రైతులు పడ్డ అవస్థ కూడా చిన్నదేం కాదు. సొంతానికి నాలుగు గేదెలున్న ఈ యజమాని మరుసటి ఏడు బేలర్ కొనడానికి కారణం ఆ అనుభవమే.

మిషన్ పనితీరు

ఇది 35 నుంచి 45 హెచ్‌పీ ట్రాక్టరుకు తగిలించే రకం. ట్రాక్టరు వెనక నుంచి మిషన్‌ను తిప్పే షాఫ్టు, అంటే పీటీవో, నిమిషానికి 540 చుట్లు తిరుగుతుంటే ముందున్న పికప్ దువ్వెన పళ్లు వరసలోని గడ్డిని ఎత్తి చాంబర్‌లోకి తోస్తాయి. చాంబర్ చుట్టూ ఉన్న రోలర్లు ఆ గడ్డిని దొర్లిస్తూ ఉంటాయి. చాంబర్ కొలత మారదు కాబట్టి మొదట పడిన గడ్డి మీద ఒత్తిడి ఉండదు, అది వదులుగానే దొర్లుతుంది. చాంబర్ నిండాకే బిగుతు మొదలవుతుంది. అందుకని ఈ రకం చుట్ట ఎప్పుడైనా లోపల మెత్తగా, బయట గట్టిగా ఉంటుంది. అది లోపం కాదు. లోపలి మెత్తదనం వల్ల కాస్త గాలి కూడా ఆడుతుంది.

ఒత్తిడి చాలినంత రాగానే బజరు మోగుతుంది. డ్రైవరు ట్రాక్టరు ముందుకు పోకుండా ఆపి, పీటీవో తిరుగుతూ ఉండగానే పురికొస అందిస్తాడు. పురికొస ఒక అంచు నుంచి రెండో అంచుదాకా చుట్టుకుని తెగుతుంది. వెనక తలుపు లేస్తుంది, చుట్ట కింద పడుతుంది. మన దగ్గర తిరిగే ఈ చిన్న రకంలో చుట్ట అడ్డకొలత సుమారు 60 సెంటీమీటర్లు, పొడవు 90 పైచిలుకు. ఆరిన వరిగడ్డి అయితే 18 నుంచి 22 కిలోలు తూగాలి.

గడ్డిని గుండ్రంగా చుట్టే ఆలోచన పాతదే. అమెరికాలో నెబ్రాస్కా వాడైన ఉమ్మో లూబెన్ 1910లో పేటెంటు తీసుకున్నాడు. ఆలిస్ చామర్స్ కంపెనీ 1947లో రోటో బేలర్ పేరుతో దాన్ని మార్కెట్లోకి తెచ్చింది. ఈ చరిత్ర ఎత్తడానికి కారణముంది. అది పచ్చిక బయళ్ల కోసం పుట్టిన యంత్రం. అక్కడ మేత కోస్తారు, తిరగేసి ఆరబెడతారు, రేక్‌తో వరస తీరుస్తారు, ఆ తర్వాతే బేలర్ దించుతారు. మన మాగాణిలో ఆ మధ్య పనులు చేసే యంత్రాలు లేవు. వరస తీర్చేది కోత మిషనే. రేక్ పని కూడా తనే చేస్తున్నానని దాని డ్రైవరుకు ఎవరూ చెప్పలేదు.

మిషన్ దగ్గర కనిపించినవి

ముందుగా చుట్టలు చూశాను. వేలాడే కాటాకు వరసగా తగిలిస్తే 12 నుంచి 14 కిలోలు తూగాయి. అంటే వంద చుట్టల లోడులో రెండు టన్నులు ఉండాల్సిన గడ్డి పదమూడు వందల కిలోల దగ్గర ఆగింది. చుట్ట సైజు అంతే, ట్రక్కులో పట్టేవీ అన్నే. మెట్ట రైతు కిరాయి చెల్లించింది చాలావరకు గాలికి. అతని కోపంలో న్యాయం ఉంది.

ఇంకో సంగతి, చుట్టలు పీపాల్లా ఉన్నాయి. టేపు పెడితే మధ్యలో 60, అంచుల్లో 52, 53. అంచుల్లో గడ్డి చాలనప్పుడు అక్కడ పురికొసకు పట్టు దొరకదు, జారిపోతుంది. చుట్టలు విడిపోవడానికి మొదటి కారణం ఇదే. వరస సన్నగా ఉండి, డ్రైవరు నేరుగా దాని నడిమీదే పోతే గడ్డంతా చాంబర్ మధ్యలో పడుతుంది. కాసేపు ఎడమ అంచుకు, కాసేపు కుడి అంచుకు గడ్డి అందేలా పాములా నడపాలి. ఎడమకూ కుడికీ మరీ తరచుగా తిప్పినా పని చెడుతుంది. ఒక్కో వైపు కొంత దూరం నిలిచి పోవాలి.

మిషన్ విప్పి చూశాం. రోలర్లు, చైన్లు, బేరింగులు వయసుకు తగ్గట్టే ఉన్నాయి. వరిగడ్డిలో సిలికా ఎక్కువ, ఇనుమును ఆకురాయిలా అరగదీస్తుంది, అయినా ఇక్కడ అరుగుదల మామూలుగానే ఉంది. పికప్ పళ్లు కొన్ని వంగాయి, కొన్ని విరిగాయి. ఎందుకు విరిగాయో చేలోకి వెళ్లాక అర్థమైంది. తేడా ఉన్నవి మూడు. వెనక తలుపు కొక్కేన్ని బిగబట్టే స్ప్రింగు సడలించి ఉంది, దాంతో బజరు ముందే మోగుతోంది. పురికొస ఎన్ని చుట్లు పడాలో నిర్ణయించే పుల్లీ ఒక మెట్టు మార్చి ఉంది. జనపనార పురికొస బదులు సన్నటి ప్లాస్టిక్ తాడు వేసి ఉంది. ఈ మూడూ వాటంతటవి జరిగేవి కావు.

పురికొస లెక్క చిన్నదే. చుట్ట చుట్టుకొలత దాదాపు 1.9 మీటర్లు. తొమ్మిది చుట్లు వేస్తే 17 మీటర్లు, ఆరు వేస్తే 11 మీటర్ల పైచిలుకు. ఆ ఆరు మీటర్ల దగ్గర పొదుపు చేయబోయి లోడే పోగొట్టుకున్నారు. ప్లాస్టిక్ తాడు గురించి మాత్రం నేను గట్టిగానే చెప్పాను. గేదె ముందు చుట్ట పడేసినప్పుడు తాడు ముక్కలు మేతలో కలిసిపోతే అవి దాని పొట్టలో అరగవు, బయటకీ రావు, ఉండ కట్టుకుంటాయి. గొడ్ల సావిడిలో ఒక మేకు కొట్టి, తాడు కోసిన ప్రతిసారీ మొత్తం లాగి దానికి తగిలించమని కొనేవాళ్లందరికీ చెబుతుంటాను. జనపనార అయితే పొరపాటున ఓ ముక్క పోయినా అంత ప్రమాదం లేదు. దాన్ని తడవకుండా పెట్టుకోవాలి, అంతే. ఇక్కడ మార్చడానికి అసలు కారణం కూడా అదేనట. పాకలో కింద పెట్టిన పురికొస చెమ్మకు మగ్గి, తెగుతూ వచ్చింది.

చేలో కనిపించినవి

మరుసటి కోత దగ్గర నిలబడి చూడటం ఈ కేసులో అన్నిటికన్నా పనికొచ్చింది. టైర్లకు బదులు చైన్ల మీద నడిచే చైన్ మిషన్‌తో కోత. పావు ఎకరం, అర ఎకరం మడులు. మిషన్ గట్టు వెంట మొదలుపెట్టి లోపలికి చుట్లు కొడుతోంది. గడ్డి వెనక నుంచి వరసగా పడుతోంది. తర్వాతి చుట్టులో ఒక పక్క చైన్ సరిగ్గా ఆ వరస మీదే ఎక్కుతోంది. రేగడి నేల, ఇంకా చిత్తడి ఆరలేదు. చైన్ కింద పడ్డ గడ్డి గాడిలోకి దిగి బురదతో అతుక్కుపోయింది. దాన్ని అందుకోవాలని బేలర్ డ్రైవరు పికప్ కిందికి దించుతున్నాడు. పళ్లు మట్టిని గీరి, కోత తర్వాత మిగిలిన వరి కొయ్యల్ని లాగి, వంగి, విరుగుతున్నాయి. చాంబర్‌లోకి గడ్డితోపాటు మట్టి పెళ్లలూ తడి దుబ్బులూ పోతున్నాయి. చుట్ట లోపల బూజు పట్టేది సరిగ్గా ఆ తడి దగ్గరే.

కోత మిషన్ డ్రైవరు తప్పేమీ లేదు, అతనికి గంట లెక్కన డబ్బు, ధాన్యం రాలకుండా కోయడమే అతని పని. తిరిగే వైపు మార్చి, వరస చైన్‌కు అందకుండా పడేలా ఒక మడి కోయమని అడిగాం. "అంతేనా అన్నా, ముందే చెబితే అలాగే తిప్పేవాణ్ణిగా" అన్నాడు. సమయం కూడా పెద్దగా ఎక్కువ పట్టలేదు.

కోత ఎత్తు దగ్గర కాస్త వాదన నడిచింది. నేలకు దగ్గరగా కోస్తే గడ్డి ఎక్కువ వస్తుందని పొలం రైతు అన్నాడు. మాట నిజమే. కానీ జానెడు ఎత్తు కొయ్యలు ఉంటే వరస వాటి మీద నిలబడుతుంది, కింద నుంచి గాలి ఆడి త్వరగా ఆరుతుంది, పికప్ నేలను తాకాల్సిన అవసరం ఉండదు. చుట్టకు వచ్చే గడ్డి కొంచెం తగ్గినా శుభ్రంగా వస్తుంది. ఆ కొయ్యల్లోని పొటాష్ మడిలోనే ఉండిపోతుంది. బేలర్ అంటే గడ్డితోపాటు పోషకాలనూ ఊరు దాటించడమే కనుక మిగిల్చిన ప్రతి జానా పొలానికి మేలే. నా ఓటు జానెడు కొయ్యకే. పశువుల ఎరువు తిరిగి ఆ చేలో పడే ఇంట్లో అయితే ఇంకా కిందికి కోసుకున్నా నాకు అభ్యంతరం లేదు.

కోతకు పది పదిహేను రోజుల ముందు నీళ్లు తీసేస్తే చైన్ గాడులు ఇంత లోతు పడవు. దీనికి అడ్డొచ్చేది మినుము. వరి నిలబడి ఉండగానే, కోతకు రెండు మూడు రోజుల ముందు మినుము విత్తనం చల్లేవాళ్లకు నేలలో పదును కావాలి. కోసిన నాలుగైదు రోజులకే మొలకలు గడ్డి కింద నుంచి తల ఎత్తుతాయి. అప్పుడు బేలర్ ట్రాక్టరు దిగితే టైర్ల కింద నలిగేది రెండో పంటే. అలాంటి మడుల గురించి యజమానికి నా సలహా సూటిగా ఒకటే. కోసిన రెండు రోజుల్లోపు చుట్టగలిగితే దిగండి, లేకపోతే ఆ కిరాయి వదిలేయండి. మొక్కజొన్న పెట్టబోయే మడులకూ, కోత అయ్యాక మినుము వేసే మడులకూ ముందు వెళ్లండి.

పూట, తడి

డిసెంబరు డెల్టాలో మంచు గట్టిగా కురుస్తుంది. పొద్దున తొమ్మిది, పదిదాకా వరస పైపొర తడిగానే ఉంటుంది. ఇక్కడ డ్రైవరు ఆరున్నరకే మొదలుపెడుతున్నాడు. తడి 20 శాతం లోపుకు రాకుండా చుట్టిన గడ్డి లోపల వేడెక్కుతుంది, బూజు పడుతుంది, మరీ తడిగా ఉండి దగ్గర దగ్గర పేరిస్తే తనంతట తానే అంటుకునే ప్రమాదమూ ఉంది. తడి కొలిచే పరికరం లేకపోతే చేతి పరీక్ష చాలు. పిడికెడు గడ్డి తీసుకుని రెండు చేతులా మెలి తిప్పండి. పుటుక్కున తెగితే ఆరినట్టు. తెగకుండా సాగుతూ చేతికి చల్లగా తగిలితే ఆగండి. కణుపు దగ్గర గోటితో గీరి చూడటం మరవొద్దు. ఆకు ఆరినా కణుపు ఆరదు. చుట్టిన మర్నాడు ఇనపచువ్వ చుట్ట నడిమికి దింపి, కొంతసేపు ఉంచి తీసి పట్టుకుంటే లోపలి వేడి తెలిసిపోతుంది. ఈయన కొట్టు దగ్గర పేర్చిన చుట్టల్లో అలా చూస్తే, పొద్దున చుట్టినవాటిలో చువ్వ వెచ్చగా బయటికొచ్చింది. మధ్యాహ్నం చుట్టినవి చల్లగా ఉన్నాయి. వాదించాల్సిన పని లేకుండా పోయింది.

మరీ ఎండిన మిట్టమధ్యాహ్నం కూడా మంచిది కాదు. చైన్ మిషన్‌లో నలిగి వచ్చిన గడ్డి ముందే పొట్టిగా ఉంటుంది, పెళుసెక్కితే తునిగి పొట్టుగా రాలిపోతుంది. పదిన్నర నుంచి పన్నెండున్నర, మళ్లీ మూడు నుంచి పొద్దు వాలేదాకా, ఈ పూటలు బాగా నప్పాయి.

కూలి లెక్క

స్ప్రింగు ఎవరు సడలించారన్నది నేను నిలదీసి అడగలేదు. కూలి ఎలా ఇస్తున్నారని మాత్రం అడిగాను. పొలం రైతు యజమానికి చుట్టకు ఇంత అని ఇస్తాడు. అందులోంచి యజమాని డ్రైవరుకు చుట్టకు ఇంత అని ఇస్తాడు. మొదటి ఏడు రోజు కూలి ఉండేది, రెండో ఏడు ఇలా మార్చారు. ఇక ప్రశ్నించాల్సిందేముంది? అదే గడ్డికి 20 కిలోల చుట్టలు వంద వస్తే, 13 కిలోల చుట్టలు నూట యాభై దాటతాయి. చుట్ట తేలికైతే పొలం దగ్గర లెక్క పెరుగుతుంది, డ్రైవరు కూలీ పెరుగుతుంది, యజమాని ఆదాయమూ పెరుగుతుంది. నష్టపోయేది ఎక్కడో మెట్ట ఊళ్లో గేదెను కాచుకుంటున్న మనిషి. "నిరుడు బాగానే కట్టింది" అన్న మాటకు జవాబు డ్రమ్ములో కాదు, ఇక్కడ దొరికింది.

యజమాని ఈ లెక్క విన్నాక కొంతసేపు ఏమీ అనలేదు. ఆ తర్వాత డ్రైవరును పిలిచి, "ఒరేయ్, రేపటినుంచి నీకు రోజు కూలే. సీజన్ చివర బాగా కట్టినందుకు వేరేగా ఇస్తా" అన్నాడు. కుర్రాడు ఊరట పడ్డట్టే కనిపించాడు. రోజంతా పరుగు పెట్టే పని ఎవరికీ సుఖం కాదు.

ఆ పరుగే నన్ను అన్నిటికన్నా భయపెట్టింది. నేను చూస్తుండగా గడ్డి పికప్ దగ్గర అడ్డుపడితే, పీటీవో ఆపకుండానే ఆ కుర్రాడు కిందికి దూకి చేత్తో లాగబోయాడు. లుంగీ, మెడలో తువ్వాలు. నిమిషానికి 540 చుట్లంటే సెకనుకు తొమ్మిది. తువ్వాలు కొస షాఫ్టుకు తగిలిందంటే మనిషి చెయ్యి వెనక్కి తీసుకునేలోపు అయిపోతుంది. పికప్‌లో కాని రోలర్లలో కాని ఇరుక్కున్న గడ్డి చేతిని తనతో పాటు లోపలికి లాక్కుపోతుంది. అక్కడే పని ఆపించాను. పీటీవో తీయాలి, ఇంజన్ ఆపాలి, తాళంచెవి జేబులో వేసుకోవాలి, రోలర్లు పూర్తిగా నిలిచాకే దగ్గరికి పోవాలి. వెనక తలుపు ఎత్తి కిందకు దూరితే దాని లాక్ వేయాలి. షాఫ్టు మీద ప్లాస్టిక్ గొట్టం పగిలి ఊడిపోయి ఉంది, కొత్తది వచ్చేదాకా మిషన్ కదలనీయలేదు. లుంగీ బదులు ప్యాంటు. ఈ విషయంలో బేరం లేదని యజమానికీ చెప్పాను. పొలాల్లో బేలర్లు నడిపే పిల్లలు చాలామంది ఇరవై ఏళ్లవాళ్లు. వాళ్ల చేతులు వాళ్లకు ఉండాలి.

మార్చాక

స్ప్రింగు బిగించాం, పుల్లీ మెట్టు తిరిగి పెట్టాం, పళ్లు మార్చాం, జనపనార పురికొస తెప్పించి అటక మీద పెట్టించాం. డ్రైవరు పాములా నడపడం ఒక పూటలోనే పట్టేశాడు. అతని చేతిలో నైపుణ్యం ముందునుంచీ ఉంది. మంచు ఆరాకే మొదలు. కోత మిషన్ బుక్ చేసే రోజే దాని డ్రైవరుతో మాట్లాడి, ఏ వైపు తిరగాలో, ఎంత ఎత్తు కోయాలో చెప్పడం యజమాని తన పనిగా పెట్టుకున్నాడు.

చుట్టలు 18 నుంచి 20 కిలోలకు వచ్చాయి. అంచులకూ మధ్యకూ తేడా దాదాపు పోయింది. రోజుకు కట్టే చుట్టల సంఖ్య తగ్గింది, అది యజమాని ముందే ఒప్పుకున్న నష్టం. పొలం రైతులతో చుట్ట లెక్క ఒక్కసారిగా మార్చలేకపోయాడు, అందరూ ఆ పద్ధతికే అలవాటు పడ్డారు. దానికి బదులు పని మొదలైన కాసేపటికి కొన్ని చుట్టలు పొలం రైతు ఎదుటే కాటా వేసి, ఆ బరువు చూసి ఆ రోజు రేటు మాట్లాడుకుంటున్నారు. కొనేవాళ్లకూ అదే బరువు చెబుతున్నాడు. వెళ్లిపోయిన మెట్ట రైతుకు యజమాని తనే ఫోన్ చేసి, "ఈసారి కాటా వేసి ఎక్కించుకో తమ్ముడూ, తూగకపోతే డబ్బులివ్వొద్దు" అన్నాడు. అతను వచ్చాడు, ఎక్కించుకున్నాడు. గొడ్లకు వేసేముందు ఎలా తడపాలి, యూరియాతో మాగబెట్టడం ఎలా అని నన్నే అడిగాడు. వంద కిలోల గడ్డికి నాలుగు కిలోల యూరియా, యాభై లీటర్ల నీళ్లు, చుట్టలు పూర్తిగా విప్పి పొరలు పొరలుగా చల్లి, గాలి చొరకుండా కప్పి 21 రోజులు. మూడు నాలుగు శాతం మాంసకృత్తులున్న ఎండుగడ్డి దీనితో మెరుగవుతుంది. కొలత మించితే విషం కనుక దగ్గర్లోని పశువైద్యుడి ఎదుట మొదటిసారి చేయమన్నాను. ఆరు నెలల లోపు దూడలకు అసలు వేయవద్దన్నాను.

తీరనివి రెండు మిగిలాయి. మినుము చల్లిన మడుల్లో గడ్డికి ఈ మిషన్ జవాబు కాదు. తేలిక ట్రాక్టరు, వెడల్పు టైర్లతో ఒక మడిలో చూద్దామని యజమాని అంటున్నాడు, వచ్చే సార్వాకు చూస్తాం. రెండోది, అకాల వాన. తడిసిన వరసను తిరగేసి ఆరబెట్టే సాధనం మన దగ్గర పంగలకర్ర తప్ప ఇంకేం లేదు. నలుగురైదుగురు బేలర్ యజమానులు కలిసి ట్రాక్టరు రేక్ ఒకటి కొనుక్కుంటే గిట్టుబాటవుతుందని నా అంచనా, ఆ మాట మీదే ఇప్పుడు వాళ్లను కూర్చోబెట్టే ప్రయత్నంలో ఉన్నాను. ఈలోగా మిషన్‌ను లోపలంతా గడ్డి పరక లేకుండా దులిపి, చైన్లు సడలించి నూనె పట్టించి, ఎలుకలు చేరకుండా షెడ్డులో ఎత్తు మీద పెట్టించాం.